ఇంకొక్క పిలుపు

దర్జీ ఆవిడ కూతురికి చూపు లేదు, మాట లేదు. పదహారేళ్లొచ్చినా వేళ్లు స్వాధీనంలో లేవు. థెరపీ టీచరు వీల్‌చెయిర్ బల్లకు అరచేయంత ఎర్ర మీట బిగించింది. నొక్కితే “అమ్మా, ఇటు రా” అంటుంది. అందులో రికార్డు చేసిన గొంతు ఎదురింటి పిల్లది.

“నొక్కగానే వెళ్లండి. అప్పుడే చేతికి అలవాటవుతుంది,” అని టీచరు మరీమరీ చెప్పింది.

ఇవాళ పిల్ల మొదటిసారి తనంతట తాను నొక్కింది. అరువు గొంతైతేనేం, పిలిచింది తన కూతురు! ఆ పిలుపుకే మొహం వాచి ఉన్న తల్లి కుట్టుమిషను ఆపి పిల్ల గది గుమ్మం దాకా పరుగెత్తింది. ఏం బుద్ధి పుట్టిందో, అక్కడే ఆగిపోయింది. ఇప్పుడే వెళ్తే మళ్లీ పిలవదుగా! ఊపిరి బిగబట్టి నిలబడింది.

పిల్ల మళ్లీ నొక్కలేదు. మిషను చప్పుడు ఆగగానే అమ్మ వచ్చేసిందనుకుని, చెయ్యి గుమ్మం వైపు చాచి నవ్వుతోంది.