ఒళ్లో పొలం మట్టి

ఈ ఉదయం నాగాయలంక నుంచి బందరు వెళ్లే బస్సులో కూర్చున్నాను. బయట మంచులో వరిచేలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. నా ఒళ్లోని సంచి చూసి పక్కసీటు పెద్దావిడ అడిగింది.

“ప్రసాదమాండీ, అంత భద్రంగా పట్టుకున్నారు?”

“మా పొలం మట్టండీ. ఏళ్ల తరబడి ఫాస్ఫేటు ఎరువులు వేశాం. వాటితోపాటు కాడ్మియం అనే విషపు లోహం కొద్దికొద్దిగా నేలలో చేరుతుందట. ఎక్కువైతే బియ్యంలోకీ వస్తుందట. పరీక్షకి తీసుకెళ్తున్నాను.”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

“మొన్నే మా మనవరాలికి అన్నప్రాశన చేశామండీ. మా చేలో బియ్యమే వండాను,” అంది మెల్లగా.

నాలుక కరుచుకున్నాను. అన్ని పొలాల్లోనూ అలా ఉండదనీ, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుందనీ చెప్పాను. తల ఊపింది. చల్లపల్లికి ముందు దిగబోతూ వెనక్కి తిరిగింది.

“మట్టి ఎంత లోతున తియ్యాలండీ?”

“జానెడు చాలండీ.”

బస్సు కదిలాక చూశాను. చెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చూసుకుంటూ ఆవిడ మంచులోకి నడిచి వెళ్లిపోయింది.

పొద్దున్నే ఒక నాయనమ్మకి దిగులు అంటించి వచ్చానా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. మీరైతే చెప్పేవారా, ఊరుకునేవారా?