ఇరవై ఐదో పేరు

క్లబ్బులో అందరూ అతన్ని స్టెప్నీ అనేవాళ్లు. కారు డిక్కీలో పడి ఉండే అదనపు చక్రం. తొమ్మిదేళ్ల కింద ఎవరో సరదాకి అన్న మాట అలాగే అతుక్కుపోయింది. అతను ఎప్పుడూ నొచ్చుకోలేదు. "స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోకుండా బయల్దేరేవాడు డ్రైవరేంట్రా" అనేసి గ్లవ్స్ తొడుక్కునేవాడు.

దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఒకదానికి అతను మూడో గోల్‌కీపర్, వాళ్ల మాటల్లో గోలీ. మొదటి గోలీ మ్యాచ్ ఆడతాడు. రెండో గోలీ బెంచీ మీద కూర్చుంటాడు. మూడో గోలీ ప్రాక్టీసులో రోజుకి రెండు వందల బంతులకి ఒళ్లు అప్పగిస్తాడు. మ్యాచ్ రోజు టై కట్టుకుని వెనక వరసలో కూర్చుంటాడు. చూసేవాళ్లకి అది సుఖమైన ఉద్యోగం. ఆ పని తెలిసినవాళ్లు వేరేలా చూస్తారు. గోల్ పడక బెంగ పెట్టుకున్న ఫార్వర్డ్‌కి ఎన్ని బంతులు వదలాలి, నాలుగు గోల్స్ కొట్టి తల తిరిగినవాణ్ణి ఎక్కడ ఆపాలి, ఇవన్నీ అతని చేతుల్లో ఉండేవి. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాడు. బంతి తన్నే కాలి వైపు అతను చూడడు. నేల మీద ఆనించిన కాలినే చూస్తాడు. బంతి ఎటు పోయేదీ ఆ పాదం ఒక క్షణం ముందే చెప్పేస్తుందని అతని అనుభవం.

తొమ్మిదేళ్లలో అసలు మ్యాచ్ ఒక్క నిమిషం కూడా ఆడలేదు. వయసు ముప్పై ఏడు దాటింది, ఇదే ఆఖరి సీజన్. వేసవిలో పెద్ద కోచ్ అతన్ని పిలిచి ఒక మాట ఇచ్చాడు. సొంత మైదానంలో జరిగే చివరి మ్యాచ్ నాటికి టైటిల్ సంగతి తేలిపోయి ఉంటే, ఆఖరి పది నిమిషాలు అతన్ని గోల్‌లో నిలబెడతానన్నాడు. స్టెప్నీ ఆ మాట భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ తమ్ముడికి చెప్పింది. కాబట్టి అందరికీ తెలిసింది.

సీజన్‌కి ఇరవై ఐదు పేర్లతో లిస్టు ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి అది లీగ్ ఆఫీసుకి చేరాలి. ఆ తర్వాత సీజన్ అయ్యేదాకా మారదు. లిస్టులో లేనివాడు ఎంత గొప్పవాడైనా మైదానంలోకి దిగకూడదు.

మంగళవారం ప్రాక్టీసులో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపు కాసే ఆటగాడు, పరుగు మధ్యలో తొడ పట్టుకుని కూలబడ్డాడు. ఆరు వారాలు పడుతుందన్నాడు డాక్టరు.

కోచ్ గదిలో గోడకి ఒక బోర్డు ఉండేది. ఒక్కో చోటుకి ఇద్దరు ఉండాలని అతని పట్టుదల. కుడివైపు ముగ్గురు, మధ్యలో ఏడుగురు, ముందు ఆరుగురు. ఎడమవైపు మాత్రం ఒకే ఒక్క పేరు, ఆ మనిషి ఇప్పుడు మంచం మీద ఉన్నాడు. రెండోవాడు వేసవిలో వేరే క్లబ్బుకి వెళ్లిపోతే యజమానులు ఆ చోటు నింపకుండా మరో ఫార్వర్డ్‌ని తెచ్చారు. పోస్టర్ల మీద ఫార్వర్డ్ బాగుంటాడు, లెఫ్ట్ బ్యాక్ బొమ్మ ఎవరు కొంటారు? జట్టంతా ఒక పక్కకి ఒరిగిపోయిన తక్కెడలా తయారైంది. మొదటి ఆరు వారాల్లోనే ముగ్గురు గట్టి ప్రత్యర్థులు ఉన్నారు. ముగ్గురికీ బలం ఆ వైపు నుంచి దాడి చేయడంలోనే.

గురువారం పొద్దున కోచ్ స్టెప్నీని పక్కకి పిలిచాడు.

"ఇవాళ ఒక లెఫ్ట్ బ్యాక్ వస్తున్నాడు. పాత క్లబ్బుతో ఒప్పందం గడువు అయిపోయింది, ఖాళీగా ఉన్నాడు. నలభై క్రాసులు వేయిస్తాను. గోల్‌లో నిలబడి, ఎలా ఉన్నాడో చెప్పు."

"నేనా సార్?"

"నువ్వే. మిగతావాళ్లని అడిగితే అతని ఏజెంటు చెప్పిందే నాకు తిరిగి చెప్తారు."

స్టెప్నీ గ్లవ్స్ పట్టీ బిగిస్తూ అన్నాడు. "లిస్టు నిండిపోయింది కదా. అతను వస్తే పోయే పేరు నాదే."

"నీదే. దాచిపెట్టి అడగడం నాకు చేతకాదు."

కొత్తాయనకి ముప్పై ఒకటి. మాట నెమ్మది. రెండేళ్ల కింద కుడి మోకాలికి ఆపరేషన్ అయిందని తనే చెప్పాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. క్లబ్బు డాక్టరు కూడా పరీక్షించి బాగుందన్నాడు. అతను మైదానం మధ్య గీత దగ్గర నుంచి ఎడమ అంచు వెంట పరుగెత్తి, కార్నర్ జెండాకి కాస్త ఇవతల ఆగి, బంతిని గోల్ ముందుకి లేపాలి. అదే క్రాస్.

మొదటి బంతులు చూసి స్టెప్నీకి ముచ్చటేసింది. బంతి గోలీ చేతికి అందేటట్టే వచ్చి, చివర్లో పక్కకి జారుకునేది. అలాంటి బంతి వేసేవాళ్లని అతను తొమ్మిదేళ్లలో ముగ్గుర్నే చూశాడు. గీత అవతల నిలబడ్డ యజమాని మనిషి చప్పట్లు కొట్టాడు. ఫార్వర్డ్‌లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఒక బంతి దగ్గర స్టెప్నీ కళ్లు నిలిచిపోయాయి. కొత్తాయన కుడి పాదం మడమ ముందుగా కాకుండా బల్లపరుపుగా పడింది, వేళ్లు కాస్త బయటికి తిరిగాయి. బంతి మామూలుగానే వచ్చింది. తర్వాతి రెండూ కూడా బాగున్నాయి. ఆ తర్వాత మళ్లీ అలాగే పడింది. ఆగే ముందు ఎవరికీ కనిపించనంత చిన్న అడుగు ఒకటి అదనంగా వేస్తున్నాడు. నడిచి వచ్చి తన్నినప్పుడు ఆ అడుగు లేదు. పూర్తి వేగంతో వచ్చి, లోపలికి తిరగాల్సి వచ్చినప్పుడే ఉంది.

కోచ్ దగ్గరికి వచ్చాడు. "ఏమంటావ్?"

"రేపు చెప్తాను సార్."

"రేపు ఐదింటికి లిస్టు వెళ్లిపోవాలి."

"ఐదుకి ముందే చెప్తాను."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బావమరిది వంటింటి గడప మీద కూర్చుని అక్కకి చిక్కుళ్లు ఒలిచి పెడుతున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి చెడిపోయే ఉంటుందని అతని నమ్మకం.

"ఏం బావా, మొహం మూడో అంతస్తులో ఇరుక్కుపోయినట్టుందే?"

స్టెప్నీ జరిగింది చెప్పాడు. బావమరిది చిక్కుడుకాయ పక్కన పెట్టాడు.

"ఇందులో ఆలోచించేదేముంది? కాలు బాలేదని చెప్పెయ్. నీ చోటు నీకుంటుంది, వాళ్లకి నష్టం తప్పుతుంది. అబద్ధం కూడా కాదాయె."

"అదే భయంగా ఉంది."

"నిజం చెప్పడానికి భయమేంటి బావా, వింతగా."

అతని భార్య స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది. "కాలు బాలేదని మీకు తెలుసా, అనిపించిందా?"

"డాక్టరు బాగుందన్నాడు. మైదానంలో అంతమంది ఉన్నా ఎవరికీ కనిపించలేదు. నాకొక్కడికే కనిపించింది."

"నేను అడిగింది అది కాదు."

 "ఆ పది నిమిషాలు పోతాయని నా కళ్లే అలా చూపిస్తున్నాయేమో. ఎలా తెలుస్తుంది?"

"కళ్ల మీద అనుమానమొస్తే ఇంకోసారి చూడాలి. ఇక్కడ కూర్చుని నన్ను అడిగితే నేనేం చెప్తాను, నేనేమన్నా గోల్‌లో నిలబడ్డానా?" అని ఆవిడ మళ్లీ స్టవ్ వైపు తిరిగింది.

శుక్రవారం పొద్దున్నే స్టెప్నీ వీడియో గదికి వెళ్లాడు. ప్రాక్టీసు రికార్డు చేసేవాడు అక్కడ ఒంటరిగా టీ తాగుతున్నాడు.

"నాకొక పని చేసిపెట్టు. నిన్నటి కొత్తాయన క్రాసులు తియ్. మన దగ్గర ఎడమవైపు నుంచి క్రాస్ వేసే మిగతా నలుగురివీ తియ్. అన్నీ కలిపెయ్. ఏది ఎవరిదో నాకు తెలియకూడదు. మోకాళ్లకి పైన ఏదీ కనబడకూడదు."

"అదెలా అన్నా?"

స్టెప్నీ మూలనున్న అట్టపెట్టె చింపి, స్క్రీన్ పై భాగానికి టేపుతో అంటించాడు. కింద జానెడు మాత్రం మిగిలింది. బూట్ల రంగు తెలియకుండా బొమ్మని నలుపు తెలుపుకి మార్చమన్నాడు.

అరవై పాదాలు చూశాడు. ఒక్కొక్క దానికీ "బాగుంది", "బాగుంది" అంటూ పోయాడు. కొన్నింటి దగ్గర మాత్రం "ఇది నొప్పి" అన్నాడు. వీడియో అతను కాగితం మీద గీతలు పెడుతున్నాడు. అయిపోయాక ఏ గీత ఎవరి పాదానిదో సరిచూశాడు.

"పన్నెండు చోట్ల నొప్పన్నావు అన్నా. పదకొండు కొత్తాయనవే."

"ఆ పన్నెండోది?"

"మన లెఫ్ట్ బ్యాక్‌ది. సోమవారంది. పడిపోడానికి ముందు రోజు."

ఆ మాటతో స్టెప్నీకి సంతోషం కలగలేదు.  ఇప్పుడు సందేహమనే సాకు కూడా పోయింది.

కోచ్ యజమానులతో మాట్లాడి గదిలోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. బల్ల మీద లిస్టు ఉంది. ఇరవై నాలుగు పేర్లు టైపు చేసి ఉన్నాయి, అడుగున ఒక్క గీత ఖాళీ. స్టెప్నీ నిలబడే చెప్పాడు. అట్ట సంగతీ, పన్నెండు పాదాల సంగతీ చెప్పాడు. వీడియో అతను ఇచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు.

కోచ్ కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

"నేను నమ్ముతాను. కానీ పైనున్నవాళ్లకి ఏం చెప్పను? ఏజెంటుకి మాటిచ్చేశారు. డాక్టరు సంతకం ఉంది. కాదన్నది ఎవరయ్యా అంటే, అతను వస్తే చోటు పోయే మూడో గోలీ. నవ్వుతారు."

"నవ్వుతారు సార్."

"అతను వద్దంటే ఈ గీత మీద నీ పేరే రాయాలి. ఎడమవైపు ఖాళీగానే ఉంటుంది."

అక్కడితో ఊరుకుంటే చాలు. స్టెప్నీకి అది తెలుసు. కోచ్ కూడా అతని మొహంలోకే చూస్తున్నాడు. గోడ గడియారం నాలుగు ముప్పై ఎనిమిది చూపిస్తోంది.

"రెండో జట్టులో సన్నోడున్నాడు కదా సార్" అన్నాడు స్టెప్నీ.  "ఎడమకాలివాడు. ఇరవై ఆరేళ్లుంటాయి."

"వాడు ముందు వరసలో ఆడేవాడు. కాపు కాయడం వాడికేం తెలుసు?"

"మీరు వాణ్ణి ముందు నుంచి చూస్తారు. నేను మూడేళ్లుగా వెనక నుంచి చూస్తున్నాను. ప్రాక్టీసులో బంతి పోయిన ప్రతిసారీ నా ముందుకి పరుగెత్తుకొచ్చేది వాడొక్కడే. ఎవరూ చెప్పకుండానే వస్తాడు. గొప్ప క్రాసులు వేయలేడు. ఆరు వారాలు మాత్రం ఆ పక్క తలుపు మూసి ఉంచుతాడు."

"ఇరవై ఐదో పేరు వాడిదవుతుంది."

"అవును సార్."

"నీ పేరుండదు."

"అప్పుడు నేను కుర్చీ కాపాడుకున్నానని ఎవరూ అనలేరు. మీ మాట పైవాళ్లు వింటారు."

కోచ్ పెన్ను తీసుకుని, రాయకుండా పట్టుకున్నాడు. "నేనిచ్చిన మాట?"

"లిస్టులో లేనివాణ్ణి దింపితే మ్యాచే పోతుంది కదా సార్. రాయండి, టైమవుతోంది."

కోచ్ వెంటనే రాయలేదు. ఫోను తీసి పైవాళ్లతో మాట్లాడాడు. మొదట నెమ్మదిగానే మాట్లాడాడు, తర్వాత గొంతు పెరిగింది. "తన పేరు తనే తీయించుకున్నాడండీ, ఇంకేం కావాలి మీకు?" అన్న ఒక్క మాట స్టెప్నీకి స్పష్టంగా వినిపించింది. అవతల చాలాసేపు ఎవరో ఏదో చెప్పారు. కోచ్ ఫోను పెట్టేసి సన్నోడి పేరు రాసి, కాగితం ఆఫీసు అమ్మాయి చేతికిచ్చాడు. అప్పటికి పది నిమిషాలు మిగిలి ఉన్నాయి.  ఐదింటికి రెండు నిమిషాల ముందు ఆ అమ్మాయి తలుపులోంచి తొంగిచూసి, "చేరిందండీ" అంది.

స్టెప్నీ కిట్ గదికి వెళ్లి మురికి గ్లవ్స్ కడిగాడు. బయటికి వచ్చేసరికి నోటీసు బోర్డు దగ్గర కొత్తాయన బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నా మోకాలి గురించి చెప్పింది నువ్వేనంట."

"నేనే."

"బాగా కాపాడుకున్నావు నీ చోటు."

 పక్కన గోడకి అంటించిన లిస్టు వైపు స్టెప్నీ చేయి చూపించాడు. కొత్తాయన వేలు పెట్టి గోలీల పేర్లు చదివాడు. ఇద్దరే ఉన్నారు. కిందిదాకా వెళ్లి, మళ్లీ పైనుంచి చదువుకుంటూ వచ్చాడు. బ్యాగు భుజం మీంచి నేల మీదకి జారింది.

గోడ వైపే చూస్తూ అడిగాడు.

"ఎన్నో బంతికి పట్టావు?"

"పదిహేడో బంతికి."

కొత్తాయన వంగి బ్యాగు తీసుకున్నాడు. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు దాచుకోలేదు.

"పదకొండో బంతికే మొదలైంది" అన్నాడు. "ఆ ఆరూ నీకు కూడా కనబడలేదంటే, ఇంకో చోట అడిగి చూస్తాను."

"ఆరు బంతులతో నెట్టుకు రాలేవు. ముందు వైద్యం చేయించుకో."

కొత్తాయన బ్యాగు భుజాన వేసుకున్నాడు. మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయాడు. కుడికాలు ప్రతి మెట్టు మీదా బల్లపరుపుగా పడింది. స్టెప్నీ ఆఖరి మెట్టుదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.