సూపర్ యూజర్ ఉమాశంకర్

ఉమాశంకర్‌కు హైదరాబాదుకు ప్రమోషన్ వచ్చిందట. సన్మానం చేస్తారట. ఆ రోజు పంచే పుస్తకంలో వేయడానికి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని మదనపల్లె ఆఫీసు నుంచి నాకు ఫోను. ఏళ్ల తరబడి ఆయనతో కలిసి పనిచేసిన పాపానికి! సరే, రాస్తాను. అచ్చు వేస్తారో పొయ్యిలో పెడతారో వాళ్ల ఇష్టం.

ఆయనది వాల్మీకిపురం. తొంభైల మొదట్లో అక్కడ బస్టాండు దగ్గర టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. కంప్యూటర్లు వచ్చి టైపు నేర్చుకునేవాళ్లు కరువయ్యాక, మిషన్లు పాత సామాన్ల వాళ్లకు అమ్మేసి మా సంస్థలో టైపిస్టుగా చేరాడు. మా సంస్థ చిన్నదేం కాదు. హెడ్డాఫీసు ఎక్కడో విదేశంలో ఉంది. ఏ దేశంలో వరదొచ్చినా, భూకంపమొచ్చినా మా జెండా కట్టిన లారీలు బయల్దేరతాయి. ఈ వైపు కరువు పల్లెల కోసం మదనపల్లెలో పెద్దాఫీసు, పుంగనూరులో, కుప్పంలో చిన్నాఫీసులు పెట్టారు. నేను ఫీల్డ్ వర్కర్‌ను. అంటే ఊళ్లమ్మట తిరిగి చెప్పులు అరగదీసే ఉద్యోగం.

ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు రెడ్డెప్ప. మా వైపు పిల్లలు లేనివాళ్లు రెడ్డెమ్మ కొండకు వెళ్లి ఆ తల్లికి మొక్కుకుంటారు. ఆడపిల్ల పుడితే రెడ్డెమ్మ, మగపిల్లాడు పుడితే రెడ్డెప్ప. నేను చర్చికి వెళ్లేదాన్ని, నాక్కూడా తెలుసు ఈ సంగతి. కలకడ, వాల్మీకిపురం పల్లెల్లో నిలబడి “రెడ్డెమ్మా” అని ఒక్క కేక వేస్తే నాలుగిళ్ల నుంచి పలుకుతారు. అందుకే మేకల రెడ్డెమ్మ, మిద్దింటి రెడ్డెమ్మ అని ఊరే ముందొక ముక్క తగిలిస్తుంది. ఈయనకు మాత్రం ఆ పేరు నామోషీ. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద ఉమాశంకర్ అని రాయించుకున్నాడు, ఆపైన కాగితాల్లోనూ మార్పించుకున్నాడు. వాళ్లమ్మ ఆఫీసుకు ఫోను చేసి “మా రెడ్డెప్ప ఉండాడా నాయనా?” అని అడిగితే, ఫోను లాక్కుని గోడవైపు తిరిగి గుసగుసలాడేవాడు. మేము నవ్వుకునేవాళ్లం. అప్పట్లో నవ్వే వచ్చేది.

రెండువేల మూడులో సిస్టమ్ వచ్చింది. దానికేదో పెద్ద ఇంగ్లీషు పేరుంది గానీ అందరూ సిస్టమ్ అనే అనేవాళ్లు. ప్రపంచంలో మా సంస్థ ఆఫీసులన్నీ ఇకమీదట ఒకే సాఫ్ట్‌వేర్‌లో పనిచేయాలట. ఎవరికి ఏమిచ్చినా అందులో ఎక్కించాలి, ఎక్కించకపోతే ఇవ్వనట్టే లెక్క. దాన్ని నేర్చుకోవడానికి ఉమాశంకర్‌ను బెంగుళూరు పంపారు. వెళ్లేటప్పుడు టైపిస్టు, తిరిగొచ్చేటప్పటికి సూపర్ యూజర్, అంటే మా దగ్గర ఆ సిస్టమ్ మొత్తానికి పెద్ద. అబ్బో, ఆ మాట వచ్చాక మనిషి కళ్లు నెత్తికెక్కాయి చూడండి! మెడలో వేసిన కార్డు తీస్తే ఒట్టు. పుంగనూరు బస్టాండులో టీ తాగేటప్పుడు కూడా అది చొక్కా మీద వేలాడాల్సిందే. మేము ఏది అడిగినా “మాడ్యూల్”, “వర్క్‌ఫ్లో” అనేవాడు. టీ కొట్టు గంగులయ్య ఒకరోజు ఆయన్ను చూసి నన్నడిగాడు: “ఏమమ్మా, ఆ సారును డాక్టరు సేసినారా ఏంది?”

ఆ సిస్టమ్ తెలివి ఒక్కటి చెబుతాను. ఏ విపత్తు వల్ల సాయం చేస్తున్నామో అందులో నొక్కాలి. వరద ఉంది, భూకంపం ఉంది, తుఫాను ఉంది, మంచు కూడా ఉంది. కరువు లేదు. కరువనేది ఒకటుంటుందని దాన్ని తయారుచేసిన మహానుభావులకు తట్టలేదు. హెడ్డాఫీసును అడిగి కరువును కూడా చేర్పించవయ్యా అంటే ఈయన వింటేనా? వాన మొహం చూడని పల్లెలను తుఫాను బాధితుల్లోకి ఎక్కించేశాడు. కొన్నాళ్లకు హెడ్డాఫీసు నుంచి లారీ నిండా ప్లాస్టిక్ పట్టలు దిగాయి, ఇళ్ల మీద కప్పుకోవడానికి! కలకడలో ఆడవాళ్లు వాటి మీద చింతపండు ఎండబెట్టుకున్నారు.

అంతవరకూ నవ్వుకునే సంగతే. తర్వాతదే నా కడుపు మండించింది.

అంతకుముందు మా పని ఎలా ఉండేదంటే, ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి, బియ్యం అందేవాళ్ల పేర్లు గట్టిగా చదివేవాళ్లం. ఊళ్లో లేని మనిషి పేరు రాస్తే అక్కడే తిట్టేవాళ్లు, అవసరమున్న మనిషి పేరు వదిలేస్తే జుట్టు పట్టుకునేవాళ్లు. ఊరి నోటికి భయపడి ఎవరూ తప్పు చేసేవాళ్లు కాదు. సిస్టమ్ వచ్చాక అది టైం వేస్టు అని మాన్పించారు. పేరు, మొగుడి పేరు, ఊరు పేరు, ఈ మూడూ కలిస్తే ఇద్దరూ ఒక్కరేనని సిస్టమే తేలుస్తుంది, ఒకరిని ఉంచి రెండోవాళ్లను ఎర్రరంగులో చూపిస్తుంది. ఎర్రగా ఉన్నవాళ్లను ఉమాశంకర్ కొట్టేస్తాడు. రెడ్డెమ్మలు రెడ్డెప్పలను కట్టుకున్న ఊళ్లలో ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కలకడ పక్క పల్లెలో మేకల రెడ్డెమ్మ ఉంది. మొగుడు రెడ్డెప్ప పోయాడు, కూతురూ అల్లుడూ పోయారు, మనవరాలు రేవతి మిగిలింది. కరువుకు మేకలు కూడా అమ్మేసుకుంది, పేరు ముందున్న మేకలు మాత్రం పోలేదు. మేమిచ్చే బియ్యంతో ఇల్లు గడుస్తుండేది, పిల్ల బడికి పోతుండేది. బియ్యం ఆగితే పిల్లను బెంగుళూరులో ఎవరింట్లోనో పనికి పెట్టాలి. ఆ ఊళ్లో అప్పటికే చాలామంది పిల్లలు అలా వెళ్లారు. రెడ్డెమ్మ భయమంతా అదే. నేను పోయినప్పుడల్లా అదే మాట: “పిల్ల పదో తరగతన్నా సదవాల మా. నా మాదిరి మేకల ఎనకాల బతుకు గాకూడదు.” సరిగ్గా ఆమె పేరే ఎర్రబడింది. అదే ఊళ్లో మిద్దింటి రెడ్డెమ్మ, ఆమె మొగుడూ రెడ్డెప్పే, ముందు ఎక్కింది కాబట్టి ఈమె బోగస్!

నేను ఉమాశంకర్ బల్ల దగ్గరికి వెళ్లాను.

“ఏమప్పా, ఇద్దురు రెడ్డెమ్మలూ బతికే ఉండారు. నేను కళ్లారా సూసినా. ఈమెను మేకల రెడ్డెమ్మ అని ఎక్కించు, సరిపోతాది.”

“రేషన్ కార్డులో మేకలుండాయా? లేవు గదా. కార్డులో యా పేరుంటే ఆ పేరే ఎక్కాల షైలజమ్మా.”

“నీకు తెల్దా మన పక్క పేర్లు ఎట్ల పెడతారో?”

“నాకు తెలిస్తే ఏమి? సిస్టమ్‌కు తెలియాల గదా!” అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

ఆ నెలలోనే పుంగనూరు ఆఫీసులో మీటింగు. ఢిల్లీ నుంచి మేడం వచ్చింది. గోడ మీద తెర కట్టి, దీపాలార్పి, ఎర్రగీతలు పడిన పేర్లు ఒక్కొక్కటే చూపించారు. సిస్టమ్ వల్ల వందల మంది దొంగ లబ్ధిదారులు దొరికారని, ఇండియా మొత్తంలో ఇంత శుభ్రంగా ఎవరూ చేయలేదని ఆ మేడం ఒకటే పొగడ్త. ఉమాశంకర్ చేతులు కట్టుకుని కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాడు. మా ఆఫీసు పెద్ద రాజరత్నం సార్ గంగిరెద్దులా తలూపుతున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, వచ్చిన ఇంగ్లీషులోనే, కొండ సంగతి, మొక్కు సంగతి, పేర్ల సంగతి అంతా చెప్పాను. వాళ్లు దొంగలు కారు, వేరువేరు మనుషులు అన్నాను. పాపం ఆ మేడం విన్నది, లేదనను. విని ఉమాశంకర్ వైపు తిరిగి అడిగింది: “మీరు ఇక్కడివారే కదా? ఈమె చెప్పేది నిజమేనా?”

ఒక్క మాట. అవును మేడం, నేనూ ఆ మొక్కుకు పుట్టినవాడినే, నా పేరూ రెడ్డెప్పే అని ఒక్క మాట అంటే చాలు. మేకల రెడ్డెమ్మ బియ్యం, రేవతి బడి, అంతా ఆ ఒక్క నోట్లో ఉంది. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను.

“అట్లాంటి ఆచారం నేనెప్పుడూ వినలేదు మేడం” అన్నాడు.

“నీ పేరేమప్పా?” అని అరిచాను. “మీయమ్మ నిన్నేమని పిలుస్తాదో సెప్పు మేడంకు!”

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వేశాడు. ఇంట్లో ముద్దుపేర్లు అందరికీ ఉంటాయి మేడం అన్నాడు. మేడం కూడా నవ్వి, నన్ను కూర్చోమంది. రాజరత్నం సార్ బయటికి పిలిచి, “నీకు బుద్ధి లేదా సిస్టర్, ఢిల్లీ వాళ్ల ముందర ఇంటి గుట్టు బయటపెడతారా?” అని నన్నే చీవాట్లు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ఎర్రపేర్లన్నీ శాశ్వతంగా పోయాయి.

మేకల రెడ్డెమ్మకు ఈ కబురు నేనే మోసుకుపోయాను. వాకిట్లో వేరుశనగ ఒలుస్తూ వింది. ఏడవలేదు, తిట్టలేదు. “నేను లేనని ఎవురు సెప్పినారు మా? ఆయప్ప ఒకతూరి వొచ్చి నన్ను సూసిపోతే సరిపోయె గదా” అంది. రేవతి బడి సంచీ గోడకు తగిలించి, అవ్వ పక్కన కూర్చుని తనూ కాయలు ఒలవసాగింది. నేను తిరిగొచ్చి పెద్దాఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. మరుసటి ఏడు వెళ్తే రేవతి లేదు. పనికి పంపేశానంది రెడ్డెమ్మ. ఎక్కడికని అడిగితే చెప్పలేదు, చెంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఉమాశంకర్‌ను మాత్రం కుప్పం ఆఫీసుకు ఇన్‌చార్జిని చేశారు. అక్కడే ఇల్లు కట్టాడు. రెండువేల ఏడులో గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచాడు. వెళ్లకూడదనుకున్నాను గానీ, ఆఫీసు జీపు వాకిట్లోకే వచ్చింది. కొత్త ఇల్లు, గచ్చు తళతళ. ఆయన అందరినీ ఒక్కో గదీ తిప్పి చూపించాడు.

కాఫీ గ్లాసు నా ముందు పెట్టిన పిల్ల చేతులు చూశాను. తర్వాత మొహం చూశాను. రేవతి! పొడుగైంది, బక్కచిక్కింది. నన్ను గుర్తుపట్టి నవ్వబోయి, లోపలికి చూసి ఆగిపోయింది.

“నువ్వు ఈడ ఉండావా మే? ఇస్కూలు?”

“ఇస్కూలు లేదక్కా. సారు అవ్వకు నెలనెలా బియ్యం పంపిస్తాండాడు. నాకు జీతం వద్దు, బియ్యం సాలని అవ్వే సెప్పింది.”

అంతలో ఉమాశంకర్ వచ్చాడు, పట్టుపంచె సర్దుకుంటూ. “సూసినావా షైలజమ్మా, మన కలకడ పక్క పిల్లే. అవ్వ కష్టంలో ఉండాదని తెలిసి నేనే తెచ్చి పెట్టుకున్నా. సంస్థ ఎంత బియ్యమిస్తాన్నిందో అంతే పంపిస్తాండా, గింజ తక్కువ లేదు.”

కాఫీ గ్లాసు పక్కకు జరిపాను. “సిస్టమ్‌లో మేకల రెడ్డెమ్మ లేదంటివి గదప్పా. మరి ఆ బియ్యం ఎవురికి పంపిస్తాండావు?”

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. నా పిచ్చి! చిన్నపిల్లకు చెప్పినట్టు, నవ్వుతూ చెప్పాడు.

“అదేమి మాట షైలజమ్మా! ఆయమ్మ ఉండాది గదా, నాకు తెల్దా?”

రేవతి నేను తాగని కాఫీ గ్లాసు తీసుకుని, పెరట్లో అంట్లు తోమడానికి వెళ్లిపోయింది.