నేను చెప్పకుండా దాచిన శాఖ

ఆ అమ్మాయి మా ఆఫీసుకు వచ్చిన రోజే నాకు గిట్టలేదు. ఇన్నేళ్లకైనా ఆ మాట ఒప్పుకోవాలి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. అరకులో కాఫీ, మిరియాలు కొనే ఒక సంస్థలో నేను కంప్యూటర్ల పని చూసేదాన్ని. మా నాన్న సాలూరు దగ్గర మిషన్ బడిలో పంతులు. ఇల్లు వదిలి ఆ చలిలో నాలుగేళ్లుండి నేను కట్టుకున్నది ఒక్కటే, డైరెక్టరీ సర్వరు. ఏ ఉద్యోగి ఏ కేంద్రంలో, ఎవరి కింద పనిచేస్తున్నాడో శాఖలవారీగా రాసి ఉంచే కంప్యూటరు అది. అందులో పేరుంటేనే మిగతా కంప్యూటర్లు మనిషిని లోపలికి రానిస్తాయి. విశాఖపట్నం పెద్దాఫీసులో ఇలాంటిదే ఇంకొకటి ఉండేది. రెండింటికీ పొంతన లేదు. వాళ్లు విభాగాలను బట్టి రాసుకున్నారు, నేను ఊళ్లను బట్టి రాశాను. ఎవరైనా బదిలీ అయితే రెండుచోట్లా మార్చాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోయేవాళ్లం.

ఈ రెండింటినీ ఒకే అమరికలోకి తేవడానికి ఆమెను పంపారు. నాకంటే ఆరేళ్లు చిన్నది, గూడెం కొత్తవీధి పిల్ల. వచ్చిన పూటే కాఫీ గింజలు ఆరబోస్తున్న ఆడవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అంది. వాళ్లు పగలబడి నవ్వారు. నాలుగేళ్లలో నన్ను ‘మేడమ్’ అని తప్ప పిలవనివాళ్లకు ఆమె సాయంత్రానికల్లా ‘మన గుంట’, అంటే మన పిల్ల, అయిపోయింది. "రెండు రోజుల్లో మొత్తం పట్టేసింది, చూశారా" అన్నారు మూడోనాడు మేనేజరు గారు. చూశానండీ అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పట్నం సర్వరు అసలు, మాది నకలు అని నిర్ణయించారు. మా శాఖలన్నీ ముందు అక్కడ చేర్చి, తర్వాత రెండింటినీ కలపాలి. కలిపినప్పుడు అసలులో లేనిదేదైనా నకలులోంచి చెరిగిపోతుంది. ఆమె మా శాఖల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఇవేనా? ఇంకేటైనా ఉన్నాయా?"

ఉంది. వారపు సంతల్లో సరుకు కొనే కేంద్రాల కోసం నేను విడిగా ఒక శాఖ పెట్టాను. పాచిపెంట, కురుపాం వైపు మనుషులు అందులో ఉన్నారు. మిగతావాటితో కలపకుండా సర్వరులోనే వేరే చోట ఉంచడం వల్ల ఆమె వెతికిన చోట అది కనబడలేదు.

"అంతే" అన్నాను.

మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. ఆమె ఎక్కడో ఒకచోట తడబడాలి, నా దగ్గరికి పరిగెత్తుకు రావాలి, అంతే నేను కోరుకున్నది. ఆ శాఖను ముందే ఒక సీడీలోకి ఎక్కించి నా సొరుగులో దాచాను. చెరిగిపోగానే తీసిచ్చి మెప్పు పొందుదామనుకున్నాను.

మధ్యాహ్నం రెండు సర్వర్లనూ కలిపింది. సంత కేంద్రాల శాఖ మాయమైంది. మర్నాడు పొద్దున్నుంచి ఆ కేంద్రాల ఫోన్లు మొదలయ్యాయి. అక్కడ ఎవరికీ కంప్యూటరు తెరుచుకోవడం లేదు. ఆమె భోజనానికి కూడా లేవకుండా కాగితాలు తిరగేస్తూనే ఉంది. మేనేజరు గారు అందరి ముందూ ఆమెను కేకలేశారు. నాకు కలగాల్సిన సంతోషం కొంత కలిగింది కూడా. సీడీ సంగతి అప్పుడే చెప్పొచ్చు. ఇంకాసేపు చూద్దామనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి పాచిపెంట కేంద్రంలో తూకం వేసే పెద్దాయన జీపు దిగి లోపలికొచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పెట్టిలో నా పేరు నేదంట. మా కుర్రోళ్లు సెప్పినారు. నన్ను పన్లోంచి తీసీసినారా?"

"లేదు తాతా, ఎవరూ తీయలేదు" అన్నాను.

"నానేటి తప్పు సేసినాను? సెప్తే దిద్దుకుంటాను."

ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. సొరుగు తెరిచి సీడీ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆ శాఖ ఉందని నాకు ముందే తెలుసని, కావాలనే చెప్పలేదని చెప్పాను.

ఆమె సీడీ వంక చూసి, "రెండుసార్లు అడిగినాను కదక్కా" అంది.

"అడిగావు."

"నాను నీకేటి సేసినాను?"

ఆమె సీడీని కంప్యూటరులో పెట్టింది. సంత కేంద్రాల శాఖను ముందు పట్నం సర్వరులో చేర్చింది, తర్వాత మా దాంట్లోకి దించింది. పెద్దాయన పేరు తెర మీద కనబడగానే ఆయన్ని పిలిచి చూపించింది. ఆయనకు చదువు రాదు. అయినా వేలితో ఆ వరుసను తాకి, "ఇదేనా" అని అడిగి వెళ్లిపోయాడు.

"రిపోర్టులో రాస్తావా?" అని అడిగాను.

"రాస్తానక్కా. సెయ్యని తప్పు నా మీద ఎందుకు ఎయ్యించుకుంటాను?"

ఉన్నది ఉన్నట్టు రాసింది, ఒక్క మాట ఎక్కువ లేదు. నా ఉద్యోగం పోలేదు గాని సర్వరు పాస్‌వర్డు ఆమె చేతికి వెళ్లింది. ఏడాది తర్వాత పట్నంలో ఆమె మా అందరికీ పైఅధికారి అయింది. కొండమీద కొత్త కేంద్రం తెరిస్తే దాని వివరాలు నేను ఆమెకు పంపాలి. అడిగినవీ అడగనివీ అన్నీ రాసి పంపేదాన్ని. సంస్థలో ఎవరైనా ఆమెను పొగిడితే మాత్రం నా మనసు ఎప్పటిలాగే ముడుచుకునేది. ఆ గుణం పోయిందని నేను చెప్పలేను.