వంతెన చూసొచ్చేదెవరు?

ఈ రోజు శుక్రవారం, ఈ ఎడారి దేశంలో పనికి సెలవు కదా, ఫర్వానియాలోని మా రూములో మా ఊరి సంఘం కూర్చుంది. కోనసీమలో మా వీధి చివర కాలవ మీది వంతెన పగుళ్లిచ్చిందని, పిల్లలు దాని మీంచే బడికెళ్తున్నారని ఇంటి నుంచి ఫోనొచ్చింది. సర్పంచి గారితో మాట్లాడాలా వద్దా అన్నదే విషయం.

మా సంఘానికో కట్టుబాటుంది. సెలవుకెళ్లి కళ్లారా చూసొచ్చినవాళ్లు చెబితేనే ఊరి విషయాల్లో కలగజేసుకుంటాం. దూరాన కూర్చుని పెత్తనం చేస్తున్నారని ఒకసారి మాటపడ్డాక పెట్టుకున్నాం.

"అసలా వంతెనకి రెయిలింగే లేదు" అన్నాను నేను.

"ఎప్పుడో వేశారండీ, నీలం రంగుది" అన్నాడు నా తర్వాత సెలవుకెళ్లొచ్చిన శ్రీను.

రుమైథియాలో ఇంటి డ్రైవరుగా చేసే సత్తిబాబు గారికి సెలవు దొరికి ఎన్నేళ్లయిందో. ఆయన మా ఇద్దర్నీ వింతగా చూశారు. "వంతెనెక్కడిదిరా? అక్కడుండేది తాటిదుంగ కదా!"

ఆఖరిసారి ఎవరెప్పుడు చూశారో, వాళ్ల కాలవ అక్కడే ఆగిపోయింది. పగుళ్లు చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"సరే, వెళ్లి చూసొచ్చేదెవరు?" అన్నారాయన.

అందరం ఒకేసారి చెయ్యెత్తాం, ఆయనతో సహా. కఫీల్, అదే మా యజమాని, ఊరెళ్లడానికి సెలవిచ్చినవాడు ఒక్కడూ లేడు.

"ఖలాస్, ఇక చాలు. పిల్లలు నడిచే దారి, కట్టుబాటు పక్కన పెట్టండి" అని ఆయనే సర్పంచి గారికి ఫోన్ కలిపారు. అవతల హలో అనగానే పగుళ్ల మాటే మర్చిపోయి అడిగారు: "కాలవకి నీళ్లొదిలారాండీ?"

పగుళ్ల సంగతి తర్వాత నేను చెప్పాను లెండి. ముందా జవాబు నేనూ వినాలిగా! మీరైతే మొదట ఏమడిగేవారు?