కందుల బస్తాల మీది కంప్యూటర్లో తువ్వాల దొంగ

ఆ రోజుల్లో ఒక కంప్యూటర్ చేతికి దొరికితే చాలు, లోకాన్ని బాగుచేసేయగలనన్న ధీమా నాకుండేది. నారాయణఖేడ్‌లో ఒక జిరాక్స్ సెంటర్లో కొత్తగా పనికి కుదిరాను. (పని అంటే ఆధార్ కార్డును రెండు వైపులా జిరాక్స్ తీయడం. చుట్టాల దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ అని చెప్పుకునేవాణ్ణి.) అక్కడే ఓపెన్ సోర్స్ అనే మాట నా తలకెక్కింది. ఎవరైనా ఉచితంగా పెట్టుకుని, నచ్చినట్టు మార్చుకునే సాఫ్ట్‌వేర్ ఉండగా నెలనెలా సినిమా యాప్‌లను మేపడమేమిటని ఒక్క పూటలో మూడింటినీ ఆపేశాను. ఓనర్ మూలన పడేసిన పాత కంప్యూటర్ను మోసుకొచ్చి, కందుల బస్తాల మీద ఎక్కించి, వీడియోలు చూపించే అలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో పెట్టి, ఇంట్లో టీవీకీ అందరి ఫోన్లకూ కలిపాను.

"మరి గిండ్ల ఏం జూడాలెరా?" అన్నాడు నాయిన. ఉన్నవల్లా ఇన్నాళ్ళూ ఎవరూ తెరవని అక్క పెళ్ళి వీడియో, చర్చిలో పిల్లలు వేసిన క్రిస్మస్ నాటకం. అయినా నేను తగ్గలేదు. "యాప్‌లల్ల సినిమా వాళ్ళు ఎప్పుడన్న తీసేస్తరు నాయినా. ఇది మనది. ఉంచాలన్నా తీసెయ్యాలన్నా మన చేతుల్నే ఉంటది" అని ఉపన్యాసమిచ్చాను. అమ్మ అదంతా పట్టించుకోలేదు. "పెండ్లి వీడియోల నా తమ్ముడు కనవడ్తడా?" అని మాత్రం అడిగింది.

అమ్మ తమ్ముడు, అంటే కంగ్టిలో ఉండే మా మామ, ఆ పెళ్ళి నుంచీ మా గడప తొక్కలేదు. పెళ్ళిలో మేనమామకు కొత్త తువ్వాల కప్పడం మా ఇంట్లో మర్యాద. తాను తెచ్చి కుర్చీ మీద వేశాననీ, కప్పేలోపు ఎవడో ఎత్తుకుపోయాడనీ నాయిన అంటాడు. అసలు తేనేలేదని మామ అంటాడు. ఐదేళ్ళుగా అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతూ, తమ్ముణ్ణి ఫోన్లోనే పలకరించుకుంటోంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టి, రిమోట్ పట్టుకుని ప్రదర్శన మొదలుపెట్టాను. భోజనాల దగ్గరికి రాగానే అమ్మ, "ఆగు బిడ్డా. జర ఎనుకకు పోనియ్యి" అంది. పోనిచ్చాను. తెర మీద ఓ మూల ఒక కుర్చీ, దాని మీద ఎర్ర అంచు తువ్వాల. బక్కపలచటి కుర్రాడొకడు మటన్ కూర అంటిన చేతులతో వచ్చి, ఆ తువ్వాలతో రెండు చేతులూ, ఆ తర్వాత తీరిగ్గా మూతీ తుడుచుకుని, దాన్ని టెంటు వెనక్కి విసిరేసి, మళ్ళీ వడ్డన వైపు నడిచాడు.

ఆ కుర్రాణ్ణి నేనే.

నాయిన నా వైపు తిరిగేలోపు కందుల బస్తాల దగ్గరికి ఉరికాను. ఆ వీడియో మీద డిలీట్ నొక్కితే, నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడుగుతోంది. అంతా మన చేతుల్లోనే ఉందిగదా. వేలు పెట్టబోతుండగా వెనక నుంచి అమ్మ మెల్లగా, "అది తీసేస్తే నా తమ్ముడు ఎట్లొస్తడు రా?" అంది. నా సిగ్గు అప్పుడే నిజంగా సిగ్గయింది. చెయ్యి వెనక్కి తీసుకుని మామకు నేనే ఫోన్ చేసి, లింకు పంపి, ఫోన్లో ఎట్లా తెరవాలో, ఏ నిమిషం దగ్గర చూడాలో చెప్పాను. ఫోన్ పెట్టేయకుండానే మామ అది తెరిచి చూశాడు. తర్వాత అవతల నుంచి ఆగకుండా నవ్వు వినబడింది.

సాయంత్రానికి మామ బండి మా వాకిట్లో ఆగింది. ఐదేళ్ళ మాట ఎత్తనే లేదు. "ఏడిరా ఆ దొంగ? పెద్ద టీవీల సూపెట్టు" అన్నాడు. నాలుగుసార్లు వేయించుకున్నాడు. నాయిన ఇంట్లో ఉన్న కొత్త తువ్వాల తెచ్చి, "ఇగ కప్పించుకో బామ్మర్దీ" అని భుజాన వేస్తే, మామ దాన్ని తీసి నా ఒళ్ళో పడేశాడు. "నాకెందుకు బావా, వీడు మళ్ళ మూతి తుడుచుకుంటడు." అమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు యాప్‌లు ఒక్కొక్కటిగా మా ఇంటికి తిరిగొచ్చాయి. (రెండింటికి కట్టేది నేనే.) కందుల బస్తాల మీద ఆ పాత కంప్యూటర్ మాత్రం ఇంకా గుర్రుమంటూనే ఉంది. మామ వచ్చినప్పుడల్లా ఆ ముక్కే వేయమంటాడు. ఎవరూ లేనప్పుడు నేనూ పెట్టుకుని చూస్తుంటాను. అంత ఆకలితో, అంత నిశ్చింతగా మూతి తుడుచుకుంటున్న ఆ బక్కోడి మీద నాకు కోపం రాదు. కాస్త ఈర్ష్యే.