ఆ మాట కింద నిలబడతవా?

మా ఇంట్లోకి ఇంగ్లీషు బియ్యం డబ్బా కింది నుంచి వచ్చింది. మా నాయిన బొగ్గు గనిలో టింబర్‌మన్. అంటే భూమి లోపల బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని గేటు దగ్గర బోర్డు మీద పాతబడిన భద్రతా నోటీసులు పీకేస్తే, వాటిని చుట్ట చుట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. మంచి దళసరి కాగితం. అమ్మ వాటిని బియ్యం డబ్బా కింద, పోపు డబ్బాల కింద పరిచేది. మిగిలినవి నా పుస్తకాలకు అట్టలయ్యేవి.

నేను చదివింది తెలుగు మీడియం. ఏడో తరగతిలో లెక్కల పుస్తకం అట్ట మీద ఒక మాట నన్ను పట్టుకుంది. ఇమినెంట్. ఏ నోటీసు చూసినా డేంజర్ అనే మాటకు ముందు అది నిలబడి ఉండేది. మా సారును అడిగితే పెద్ద ప్రమాదం అని అర్థం, పోయి కూర్చో అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. పెద్ద అనడానికి బిగ్ ఉండగా ఇదెందుకు? బడి బీరువాలో చెదలు తిన్న డిక్షనరీ ఒకటుంటే, అటెండర్‌ను బతిమాలి తీయించుకుని చూశాను. ఇప్పుడో ఇంకాసేపట్లోనో జరిగి తీరేలా ఉన్నది అని అర్థం. అబ్బ, ఎంత ఆనందపడ్డానో! ఆ వారమంతా పొయ్యి మీద పాలు పొంగడం ఇమినెంట్, వాన ఇమినెంట్, అమ్మ చేతిలో నాకు దెబ్బలు ఇమినెంట్. చివరిది నిజంగానే జరిగింది.

అప్పటి నుంచి ఒక పొడుగు నోట్‌బుక్కులో మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, నాయిన గుమ్మం దగ్గర బల్ల మీద చాయ్ గ్లాసుతో కూర్చునేవాడు. ఇయ్యాల ఏం మాట దొరికింది బిడ్డా అని అడిగేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా రాదు. అయినా నాకు పరీక్ష పెట్టేది ఆయనే. ఆ మాట ఎక్కడ దొరికింది, మన ఇంట్లో దాన్ని దేనికి వాడొచ్చు అని అడిగేవాడు. ఆఖరున, "ఆ మాట కింద నిలబడతవా?" అనేవాడు.

అది గని లోపలి పద్ధతి. దుంగ నిలబెట్టే ముందు టింబర్‌మన్ చేతిలోని కర్రతో పైకప్పును కొట్టి చెవి పెట్టి వింటాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి ఉంటే చప్పుడు డొల్లగా వస్తుంది. డొల్ల అని తెలిశాక దాని కింద ఎవరూ నిలబడకూడదు, పక్కవాళ్లను కూడా నిలబడనివ్వకూడదు. నాయిన నా మాటలనూ అలాగే కొట్టి చూసేవాడు. నేను అర్థం చెబుతుంటే బల్ల మీద వేలి కణుపుతో టక్ టక్ అనిపించేవాడు. చెప్పడం అయ్యాక గట్టిది అనేవాడు, లేదంటే డొల్ల అని చాయ్ తాగేవాడు.

నాకు కోపం నషాళానికి ఎక్కేది. ఎందుకంటే ఆయన డొల్ల అన్న ప్రతిసారీ అది డొల్లే. ఏబీసీడీ రాని మనిషికి ఎలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి నన్ను తొలిచిన ప్రశ్న అది. ఒకరోజు అడిగేశాను. "తెలిసిన మాట నువ్వు నెమ్మదిగ చెప్తవు. తెల్వంది జల్దీ జల్దీ చెప్తవు. గంతే," అన్నాడు. అప్పటి నుంచి డొల్ల మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టడం, అది గట్టిపడ్డాక సున్నా చెరిపేయడం నాకు అలవాటైంది.

బీఎడ్ అయ్యాక ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఇంటర్వ్యూకు పోయాను. ఇస్త్రీ చీర, కొత్త ఫైలు, గుండెల నిండా ధైర్యం. మీ ఇంట్లో పొద్దున్నే ఎలా ఉంటుందో ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఇంతేనా అనుకున్నాను. మా అమ్మ వంటగదికి బాధ్యురాలైన అధీకృత వ్యక్తి అని చెప్పాను. వంట సమయంలో మా తమ్ముడి ప్రవేశం నిషిద్ధమనీ, ఉల్లంఘిస్తే శిక్షార్హుడనీ చెప్పాను. నేను తగిన జాగ్రత్తలు పాటిస్తూ బస్టాపు వైపు ముందుకు సాగుతానని ముగించాను. అన్నీ శుద్ధమైన ఇంగ్లీషు మాటలే. ఎదురుగా కూర్చున్న మేడం ఒకామె చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ మాత్రం మర్యాదగా, మీరు పోలీసు శాఖలో ఏమైనా పనిచేశారా అమ్మా అని అడిగాడు.

బస్సులో ఇంటిదాకా పళ్లు కొరుక్కుంటూ వచ్చాను. నాయినకు చెబితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నా మొహం చూసి ఆపాడు. అవన్నీ గట్టి మాటలే కద బిడ్డా అన్నాడు. గట్టివే. కానీ అన్నీ గనివి. నీళ్లు ముంచెత్తడానికి, కప్పు కూలడానికి, గ్యాస్ కమ్ముకోవడానికి నా దగ్గర పేరు పేరునా ఇంగ్లీషు మాటలున్నాయి. అలగడానికి, ముసురు పట్టడానికి, పిల్లను జోకొట్టడానికి ఒక్కటీ లేదు. అలాంటి ఇంగ్లీషు నేర్చుకోవడం మా బొగ్గు కాలనీ వాళ్లకే సాధ్యం.

అప్పటికి నాయిన రిటైర్మెంట్‌కు నాలుగు నెలలుంది. ఆయన దిగిపోతే కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఖాళీ చేసి అప్పగించాలి. తమ్ముడింకా ఇంటర్. ఆలోపల నాకు ఉద్యోగం దొరక్కపోతే నలుగురం ఎక్కడుండాలో మాకెవరికీ తెలియదు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు గాని, అటక మీది సామాన్లు ఒక్కొక్కటే దించి చూసుకునేది. అప్పుడే బూర్గంపాడు వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసింది. ఇంటర్వ్యూ బదులు పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలట.

ఖమ్మం బస్టాండులో దిండంత వొకాబులరీ పుస్తకం కొన్నాను. రోజుకు నలభై మాటలు. లేచింది మొదలు గొణుగుడే. ఎఫెమెరల్, యుబిక్విటస్, మెలంకలీ. ఎంత అందంగా ఉన్నాయో! నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నట్టుండేవి. ఒక సాయంత్రం నాయిన అలవాటు ప్రకారం చాయ్ గ్లాసు పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టాడు. మొదటిది డొల్ల. రెండోది డొల్ల. పదకొండు మాటలు వరసగా డొల్ల. పన్నెండో దానికి నాకు ఒళ్లు మండింది.

"నీకు ఇంగ్లీషుల నీ పేరు రాయనీకి రాదు. నాకు పరీక్ష పెడుతవా?" అన్నాను.

అనేశాక నాలుక కొరుక్కున్నాను. ఆయన తిట్టలేదు. గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా, నేనెన్నడూ వినని సంగతి చెప్పాడు. నేను నడక నేర్చుకుంటున్న రోజులవి. బొగ్గు ఎత్తే పని నుంచి అప్పుడే టింబర్ పనికి మారాడు. ఒకరోజు షిఫ్టు దిగే వేళ కప్పు కొట్టి చూస్తే ఒక మూల డొల్లగా వినిపించింది. పక్కన అనుభవమున్న జోడీదారు ఉన్నాడు. ఆయన చెవి పెట్టి వినకుండానే ఏం కాదులే అన్నాడు. అందరూ పైకి పోయే తొందరలో ఉన్నారు. డొల్ల అంటే కొత్తోడు భయపడ్డాడని నవ్వుతారని నాయిన నోరు మూసుకున్నాడు. ఆ మూల కూలింది. జోడీదారు కాలు మోకాలి కింద నుంచి పోయింది. హఠాత్తుగా కూలిందనే అందరూ అనుకున్నారు. ఆ మనిషి ఇప్పుడు టేకులపల్లిలో ఉంటాడు. ఇన్నేళ్లలో నాయిన ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు.

"చెవులకు వినబడ్డది బిడ్డా, నోటికి రాలే," అన్నాడు. "గిది ఎవ్వరికి చెప్పలే. మీ అమ్మక్కూడ."

నాకు ఏడుపొచ్చింది. సారీ కూడా చెప్పలేకపోయాను. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ వాడలేదు. మర్నాడు పుస్తకం ముందేసుకుని, నాయిన అడక్కుండానే, నిజాయితీగా సున్నాలు చుట్టాను. పేజీలకు పేజీలు సున్నాలే. మెలంకలీ, అంటే లోలోపలి దిగులు, ఒక్కటే సున్నా పడకుండా మిగిలింది. అటక కింద నిలబడి పాత ఇత్తడి బిందెను తుడిచి మళ్లీ పైకి పెట్టేస్తున్న అమ్మను చూశాక అది గట్టిపడింది.

పాఠం చెప్పే రోజు వచ్చింది. ఎనిమిదో తరగతి. నలభై మంది ఆడపిల్లలు, ఎక్కువ మంది చుట్టుపక్కల అడవి ఊళ్ల వాళ్లు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ మేడం, ఇంకో ఇద్దరు. ఐదు నిమిషాల ముందు చేతికి ఒక పేజీ ఇచ్చారు. కుక్క తరుముతుంటే పారిపోతున్న కుందేలు కథ. గొంతు సవరించుకుని చదివాను. బాగానే నడుస్తోంది. అంతలో ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, థికెట్ అంటే ఏంది టీచర్ అని అడిగింది.

నాకు తెలియదు. కుందేలు అందులోకి దూరిందని మాత్రం ఉంది. బొరియ అని నాలుక చివరిదాకా వచ్చేసింది, అదీ యమ జోరుగా వచ్చింది. ఆ జోరు చూసే నాకు భయమేసింది. వెనక బెంచీలో పెన్నులు రెడీగా ఉన్నాయి. క్వార్టర్ గుర్తొచ్చింది, అమ్మ దించిన సామాన్లు గుర్తొచ్చాయి. నా చేయి దానంతటదే టేబుల్ మీద టక్ టక్ అని కొట్టింది.

"నాకు తెల్వదమ్మా," అన్నాను. "అందరం కలిసి వెతుకుదాం."

కుందేలు అందులో ఉంటే కుక్కకు కనబడలేదు. కానీ కుందేలుకు కుక్క కనబడుతోంది. కుక్క మూతికి ముళ్లు గీసుకున్నాయి. అలాంటిది మీ ఊళ్లో ఏముంది అని అడిగాను. ఇంక చూడాలి! సగం మంది లేచి నిలబడ్డారు. రెండు జడల పిల్ల ముందు వాళ్లింటి భాషలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవ్ అవ్ అన్నారు. తెలుగులో అయితే పొద టీచర్ అని తేల్చింది. ఆ రెండు మాటలూ బోర్డు మీద రాయించాను. ఏ పొదలో కుందేళ్లుంటాయో, ఎందులో పాములుంటాయో పిల్లలు నాకు పాఠం చెప్పారు. బీరువాలోంచి డిక్షనరీ తీయించి చూస్తే, పొదే. అడవి అంచున పుట్టి పెరిగిన నా దగ్గర అడవికి సంబంధించిన ఇంగ్లీషు మాటల్లో ఇదే మొదటిది.

బయటికొచ్చేటప్పుడు మేడం మొహంలో ఏమీ తెలియలేదు. తెలియదని అందరి ముందూ ఒప్పుకున్న టీచరుకు ఉద్యోగమెవరిస్తారు? ఇంటికొచ్చి, పోయింది నాయినా అని ఒక్క ముక్క చెప్పి పడుకున్నాను.

పది రోజులకు ఫోనొచ్చింది. సోమవారం వచ్చి చేరమన్నారు. ఆ రోజు నుంచి పిల్లలు కనబడ్డ చెట్టుకూ పిట్టకూ ఇంగ్లీషులో ఏమంటారని మా ప్రాణాలు తీస్తున్నారు, మీరే వచ్చి వెతికించండి అంది మేడం. ఫోను పెట్టేసి గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. అప్పుడు చెప్పాను నాయినకు, ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో మొత్తం.

ఆయన సంతోషపడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"తెల్వదని చెప్పనీకి ఎంతసేపు పట్టింది?"

"ఒక్క నిమిషం పట్టిందేమో."

"నాకు ఇరవై రెండేండ్లయింది. ఇంకా పడుతనే ఉన్నది," అన్నాడు.

మర్నాడు ఆయనకు వారపు సెలవు. పొద్దున్నే గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని టేకులపల్లి బస్సెక్కాడు. అమ్మకు ఏదో పని అని చెప్పాడట. నేను బల్ల మీద నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాను గాని, ఒక్క మాట కూడా బుర్రకెక్కలేదు. సాయంత్రం చాయ్ వేళకు తిరిగొచ్చాడు. చెప్పులు విడిచి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

ఏమన్నాడు నాయినా అని అడిగాను.

ఆయన జల్దీగా చెప్పలేదు.

"ముందు కూసోమన్నడు," అన్నాడు.